మాట తిరిగొచ్చేదాకా బొమ్మలే

పక్షవాతం వచ్చిన రోజు గురించి ఎక్కువ చెప్పను. పొద్దున టీ గ్లాసు కుడిచేతిలోంచి జారింది. మా ఆయనను పిలవబోతే నోట్లోంచి మాటకు బదులు ఏదో శబ్దం వచ్చింది. ఆయన క్షణం ఆలస్యం చేయకుండా ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. మెదడులో రక్తనాళం మూసుకుపోతే, గడ్డను కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల లోపు ఇవ్వాలి. నాకు టైంకి అందింది. మూతి వంకరపోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా "కొంచెంసేపు పండుకుంటే తక్కువైతది" అని మాత్రం ఎవరూ ఆగొద్దు.

ప్రాణం దక్కింది, కాలు త్వరగానే కదిలింది. మాట రాలేదు. మెదడు ఎడమవైపు దెబ్బతింటే చాలామందికి ఇలా అవుతుంది, అఫేసియా అంటారు. ఎదుటివాళ్లు చెప్పేది చాలావరకు అర్థమయ్యేది. జవాబు లోపల ఉండేది, బయటికి వచ్చేది కాదు. చదువూ పోయింది. హన్మకొండలో ఇంటర్ పిల్లలకు ఏళ్ల తరబడి సివిక్స్ చెప్పిన మనిషిని నేను. పేపర్ పట్టుకుంటే అక్షరాలు కనపడేవి, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు జారిపోయేది. పేపర్ మడిచిపెట్టి గోడవైపు తిరిగి పడుకునేదాన్ని.

స్పీచ్ థెరపిస్టు బొమ్మల కార్డులు చూపించేది. కుర్చీ, తాళంచెవి, గొడుగు. "ఇదేంటమ్మా?" ఎంతో ఓపిక గల అమ్మాయి. ఆ కార్డుల వల్ల నాకు చాలా మాటలు తిరిగొచ్చాయి. అయినా ప్రతి కార్డూ నాకు పరీక్షలాగే ఉండేది. గొడుగు బొమ్మ చూడగానే వాన, బడి, తడిసిన సంచి అన్నీ గుర్తొచ్చేవి. దాని పేరు ఒక్కటే వచ్చేది కాదు. టెన్షన్‌తో అరచేతులకు చెమట పట్టేది.

అప్పుడు కాజీపేట నుంచి మా చెల్లె తన బిడ్డను తీసుకుని వచ్చింది. ఒకటో తరగతి పిల్ల. పెద్దవాళ్లు నాతో గొంతు పెంచి మాట్లాడేవాళ్లు, లేదంటే నా ముందే నా గురించి ఇంకొకరితో మాట్లాడేవాళ్లు. ఆ పిల్ల మంచమెక్కి నా పక్కన కూర్చుని, సంచిలోంచి బొమ్మల పుస్తకం తీసి నా ఒళ్లో పెట్టింది. "పెద్దమ్మా, నువ్వు చదవకు. ఊకె చూడు" అంది.

చూశాను. ఒక ముసలమ్మ అంగడికి పోతున్నది. పేజీకి ఒకటే వాక్యం. దాన్ని వదిలేసి బొమ్మలో తిరిగాను. ముసలమ్మ వెనక ఒక మేకపిల్ల ఉంది. తర్వాతి పేజీలో ఆమె చింతచెట్టు కింద కూర్చుంటే, మేకపిల్ల సంచిలో తలపెట్టింది. ఆ తర్వాతి పేజీలో సంచి సగానికి తగ్గింది. మేక గురించి కథలో ఒక్క మాట లేదు! రాసినవాళ్లు ఒక కథ చెప్తుంటే, బొమ్మలు వేసినవాళ్లు పక్కనే ఇంకో కథ నడుపుతున్నారు. అది తెలిసేసరికి నవ్వొచ్చింది. మేకమీద వేలు పెట్టాను. "నేను గూడ చూసిన! నేనే ఫస్టు చూసిన!" అని పిల్ల మంచం మీదే గంతులేసింది. జబ్బు చేశాక నేను ఒకరితో ముచ్చట పెట్టడం అదే మొదలు.

ఆ పుస్తకం నన్నేమీ అడగలేదు. ఒక పేజీ మీద ఎంతసేపైనా ఉండొచ్చు, వెనక్కి పోవచ్చు. ఎవరూ అడగనప్పుడే మాటలు వచ్చేవి. ఒకరోజు చెట్టు బొమ్మ చూస్తూ "చింత" అన్నాను, దానంతటదే వచ్చింది. మా అబ్బాయి ట్యాబ్‌లో ప్రథమ్ బుక్స్ వాళ్ల స్టోరీవీవర్ అనే పిల్లల కథల సైట్ పెట్టిచ్చాడు. అందులో తెలుగు కథలు ఉచితం, నాలుగు స్థాయిల్లో ఉంటాయి. మొదటి స్థాయి దగ్గర చాలా రోజులు ఆగాను. కానీ నాకు కాగితం పుస్తకమే ఇష్టం. కుడిచేతి వేళ్లతో పేజీ తిప్పడం ఫిజియోథెరపీకి కూడా పనికొచ్చింది.

బొమ్మలు పిల్లలకే అని ఇప్పుడనుకుంటున్నాం గాని, నా చిన్నతనంలో అట్లా లేదు. మాది వరంగల్‌లోని కొత్తవాడ, బాపు దర్రీలు, అంటే నేలమీద పరిచే జంపఖానాలు నేసేవాడు. అమ్మమ్మ ఊరు చేర్యాల దగ్గర. అప్పుడది వరంగల్ జిల్లా, ఇప్పుడు సిద్దిపేటలో ఉంది. అక్కడి పద్మశాలి వాడకు పటం కథలు చెప్పే కూనపులి వాళ్లు వచ్చి మార్కండేయ పురాణం చెప్పేవాళ్లు. ఎర్రటి పటం వేలాడదీసి, ఒక్కో వరసా విప్పుతూ, పుల్లతో బొమ్మలు చూపిస్తూ కథ చెప్పేవాళ్లు. ఖద్దరు గుడ్డకు సుద్ద, చింతగింజల జిగురు పూసి, నకాషీలనే చిత్రకారులు వేసిన బొమ్మలవి. ముందు కూర్చునేది ముసలోళ్లే. రోజంతా మగ్గం మీద పనిచేసి వచ్చినవాళ్లు, యముడి బొమ్మ దగ్గర రెప్ప వేయకుండా చూసేవాళ్లు.

బాపు ఒకసారి పుస్తకాలమ్మే విశాలాంధ్ర వ్యాన్‌లో రష్యా పుస్తకం కొన్నాడు. మాస్కోలో తెలుగులో అచ్చైన పుస్తకం, నిండా మంచు. బాపుకు చదువు రాదు. మగ్గం దిగాక నన్ను పక్కన కూర్చోబెట్టుకుని ఆ బొమ్మలు చూసేవాడు. "గింత మంచుల బట్టలెట్ల ఆరేస్తరు బిడ్డా?" అని ఎప్పుడూ అదే అడిగేవాడు. చదవడం వచ్చాక నేను అక్షరాల వెంట పరుగెత్తాను, బొమ్మ దగ్గర ఆగడం పోయింది. అలాంటి రష్యా పుస్తకాలు కొన్నింటిని 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్లు మళ్లీ వేశారని తెలిసి తెప్పించుకున్నాను. మంచు పేజీ దగ్గర బాపు ప్రశ్నను పైకి అన్నాను, తడబడుతూనే, పూర్తిగా.

పుస్తకాలు మందు కాదు. ఇంజెక్షన్, వ్యాయామం, ఆ కార్డులు లేకుండా నేనిలా రాయగలిగేదాన్ని కాదు. కాలేజీకి మళ్లీ పోతున్నాను. ఇప్పటికీ పాఠం మధ్యలో మాట ఆగుతుంది, పిల్లలు ఓపిగ్గా ఉంటారు. కానీ ఆ పడుకున్న రోజుల్లో పొద్దున లేవాలనిపించింది మాత్రం, తర్వాతి పేజీలో మేక ఏం చేసిందో చూడాలనే.

ఈ మధ్య మా వీధిలో ఒకాయనకు స్ట్రోక్ వచ్చింది, ఆర్టీసీలో డ్రైవర్‌గా చేసి రిటైరైన అన్న. అందరూ బత్తాయిలు, హార్లిక్స్ తీసుకుపోతుంటే, నేను బస్సు బొమ్మలున్న పుస్తకం పట్టుకుపోయాను. మొదట మొహం తిప్పుకున్నాడు. తర్వాత ఒక పేజీ దగ్గర ఆగి, బస్సు పక్కన గట్టిగా వేలితో పొడిచాడు. డ్రైవర్ పక్క అద్దం వేయడం మరిచిపోయారు! నేను అంతకుముందు చాలాసార్లు చూసినా నా కంటపడలేదు. "అద్దం" అన్నాడు. వచ్చే ఆదివారానికి లారీల పుస్తకం వెతుకుతున్నాను.