మొక్కు తీరలేదు, అయినా వేళాంగణి వెళ్ళాం

మొక్కు తీరితే వెళ్ళి చెల్లిస్తారు. ఎవరైనా చేసేది అదే. మా అమ్మ మాత్రం తీరని మొక్కు చెల్లించడానికి బయల్దేరింది. అన్నయ్య బతికి బట్టకడితే తమిళనాడులో సముద్రం ఒడ్డునున్న వేళాంగణి గుడిలో మరియ మాతకు జుట్టు ఇస్తానని మొక్కుకుంది. అన్నయ్య దక్కలేదు. సంవత్సరీకం పూజ అయిన మర్నాడే అమ్మ బ్యాగు సర్దడం మొదలుపెట్టింది.

నాన్న రానన్నారు. "అడిగింది ఆవిడ ఇవ్వలేదు, మనమెందుకివ్వాలి?" అని ఒక్క మాట అనేసి పొలానికి వెళ్ళిపోయారు. నిజం చెప్పాలంటే నా మనసులో ఉన్నదీ అదే. కానీ షుగరు, మోకాళ్ళ నొప్పులు ఉన్న మనిషిని ఒంటరిగా ఎలా పంపుతాం? పిన్నీ నేనూ తోడు వెళ్ళాం.

తెనాలిలో రైలెక్కి చెన్నైలో దిగి, అక్కణ్ణుంచి రాత్రి బస్సు. కడలూరు, చిదంబరం అన్నీ నిద్రలోనే దాటిపోయాయి. కారైకాల్ దగ్గర తెల్లారింది. ఆ తర్వాత నాగూరు దర్గా మీనార్లు కనబడ్డాయి. మా వెనక సీట్లో ఒక ముస్లిం కుటుంబం అక్కడ దిగిపోయింది. ఒళ్ళో పసివాడికి చేతికి కట్టు. పిన్ని వాళ్ళ వైపు చూసి గబగబా సిలువ గుర్తు వేసుకుంది. అక్కడి నుంచి నాగపట్నం, ఇంకో పన్నెండు కిలోమీటర్లు పోతే వేళాంగణి. పండగ ఆగస్టు 29న జెండా ఎత్తితే సెప్టెంబరు 8 దాకా ఉంటుంది, ఆ రోజుల్లో కాలు పెట్టడానికి చోటుండదంటారు. మేం సంక్రాంతి తర్వాత వెళ్ళాం కాబట్టి గది సులువుగానే దొరికింది.

ఆ ఊరి కథలు మా ఇళ్ళల్లో చిన్నప్పటి నుంచీ వింటూనే ఉంటాం. పాలు మోసుకెళ్ళే కుర్రాడిని ఒకావిడ తన బిడ్డకు పాలడగడం, వాడి కుండ మళ్ళీ నిండిపోవడం ఒకటి. మజ్జిగ అమ్ముకునే కుంటి పిల్లాడు లేచి నడవడం రెండోది. మూడోది పోర్చుగీసు నావికులది. మకావు నుంచి సింహళం వైపు వస్తూ తుఫానులో చిక్కుకుని, మాతను తలుచుకుని, సరిగ్గా సెప్టెంబరు 8న ఈ ఒడ్డుకు చేరారట. అప్పటిదాకా పూరి పాక ఉన్నచోట వాళ్ళే గుడి కట్టారు. తర్వాత వచ్చినప్పుడు వాళ్ళు తెచ్చిన పింగాణీ పలకలు ఇప్పటికీ పీఠం దగ్గర ఉన్నాయి. 1962లో పోపు ఇరవై మూడో జాన్ ఈ గుడికి బసిలికా, అంటే ప్రత్యేక గౌరవమున్న గుడి, హోదా ఇచ్చారు.

మూడు కథలూ కరుణ కథలే. సముద్రం నుంచి కాపాడినందుకు కట్టిన గుడి ఇది. ఆ సముద్రమే 2004 డిసెంబరు 26న ఏం చేసిందో అందరికీ తెలుసు. దాని సంగతికి తర్వాత వస్తాను.

ముందు అన్నయ్య గురించి చెప్పాలి. కిడ్నీలు రెండూ పోయాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్, ప్రతిసారీ నాలుగు గంటలు. కిడ్నీ ఇస్తానని అమ్మ పట్టుబట్టింది, షుగర్ ఉందని డాక్టర్లు ఒప్పుకోలేదు. ఆ జబ్బులో మందుల కన్నా కష్టమైంది నీళ్ళు. ఒంట్లోంచి నీరు బయటికి పోయే దారి లేదు కాబట్టి తాగింది తాగినట్టు నిలిచిపోతుంది. కాళ్ళు ఉబ్బుతాయి, ఊపిరితిత్తుల్లోకి చేరితే ఊపిరాడదు. అందుకని నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు. టీ, మజ్జిగ, చారు కూడా ఆ లెక్కలోనే. పొటాషియం ఎక్కువని కొబ్బరి నీళ్ళు అసలే వద్దన్నారు. మా దొడ్లో మూడు కొబ్బరి చెట్లున్నాయి.

మే నెలలో, గుంటూరు ఎండల్లో, ముప్పై ఏడేళ్ళ కొడుక్కి అమ్మ చిన్న స్టీలు గ్లాసుతో కొలిచి నీళ్ళు పోసేది. బిందె తీసుకెళ్ళి తన గదిలో పెట్టి తాళం వేసింది. ఒకరోజు వాడు గడప దగ్గర కూర్చుని, "నువ్వసలు అమ్మవేనా?" అన్నాడు. అమ్మ ఏమీ అనలేదు. ఐసు ముక్క ఒకటి తెచ్చి వాడి నోట్లో పెట్టి, వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. తోమిన గిన్నెల్నే మళ్ళీ తోమింది.

దేవుడి దయ కొన్నిసార్లు కఠినంగా ఎందుకుంటుందో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఏముంటుంది? ఏ ఫాదర్ గారికి చెప్పినా ఆదివారం ప్రసంగంలో వాడుకుంటారు. కానీ నాకది సగం వరకే కుదిరింది. నీళ్ళు ఎందుకివ్వడం లేదో అమ్మ వాడికి రోజూ చెప్పేది. వాడు తిట్టినా పక్కనే ఉండేది. ఆవిడ కఠినత్వమంతా వాడు బతకాలనే. మరి వాడు పోయాక ఆ లెక్క ఎలా సరిపోతుంది? "దేవుడు ప్రేమించేవాళ్ళనే శిక్షిస్తాడు, బైబిల్లో హెబ్రీ పత్రికలో ఉంది" అని లూథరన్ చర్చికి వెళ్ళే మా పెద్దమ్మ దినానికి వచ్చి చెప్పింది. ప్రేమతోనే చెప్పింది పాపం. కానీ ఆ పత్రిక, అంటే ఉత్తరం, హింసలు పడుతున్న విశ్వాసులు నీరుగారిపోకుండా రాసింది. శవం పక్కన కూర్చున్న తల్లికి అప్పజెప్పడానికి కాదు. బైబిల్లో పిల్లల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న యోబు స్నేహితులు నోరు మూసుకుని ఏడు రోజులు అతని పక్కన కూర్చున్నంతసేపూ బాగానే ఉన్నారు. నోరు తెరిచాకే పాడుచేశారు. చివరికి దేవుడు కూడా నా గురించి సరిగ్గా మాట్లాడింది యోబే, మీరు కాదు అన్నాడు. అంతవరకూ దేవుణ్ణి దులిపేసింది ఆ యోబే మరి.

వేళాంగణిలో అమ్మ గుండు చేయించుకుంటుంటే నేను పక్కనే నిలబడ్డాను. మంగలి తమిళంలో ఏదో అని, తల వంచమని చేత్తో చూపించాడు. జుట్టు ఎంతో లేదు. అన్నయ్య జబ్బు మొదలయ్యాక సగం రాలిపోయింది. చిన్న జడ, రబ్బరు బ్యాండుతో సహా గంపలో పడింది. గుండుకి గంధం రాశారు. అలవాటు కొద్దీ జడ వెనక్కి వేసుకోబోయి చెయ్యి గాల్లో ఆడించింది. అది చూసి పిన్ని పకపకా నవ్వేసింది. అమ్మ కూడా నవ్వింది. సంవత్సరం తర్వాత ఆవిడ నవ్వడం అప్పుడే చూశాను.

స్నానానికి సముద్రం దగ్గరికి వెళ్ళాం. గుడి నుంచి నడిచే దూరమే. దారికి రెండు పక్కలా కొట్లు. శంఖాలు, కొవ్వొత్తులు, జపమాలలు, వేయించిన చేపలు. రేకు మీద అచ్చుగుద్దిన కళ్ళు, చేతులు, కాళ్ళు, ఊయలలు, ఇళ్ళు. ఎవరికి ఏది కావాలో ఆ రేకు కొనుక్కుని మాతకు ఇస్తారు. ఒక కొట్టాయనకు తెలుగు బాగానే వచ్చు. మనవాళ్ళు వచ్చీ వచ్చీ నేర్చుకున్నాడట. సునామీ గురించి నేనే కదిపాను.

క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. పొద్దున ఆరున్నరకు సుమత్రా దగ్గర భూకంపం, తొమ్మిదింటికి అటూ ఇటూగా ఇక్కడికి అల. గుడిలో పూజ జరుగుతోంది. ఒడ్డున యాత్రికులు, కొట్లవాళ్ళు, పిల్లలు. కొట్లన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. గుడి లోపలికి మాత్రం నీళ్ళు రాలేదు. ఒక్క నాగపట్నం జిల్లాలోనే ఆరు వేల మందికి పైగా చనిపోయారు. మన కోస్తాలోనూ వంద మంది దాకా పోయారు. గుడి మెట్ల దాకా వచ్చి నీళ్ళు వెనక్కి తిరిగాయన్నది మా వైపు భక్తులు చెప్పుకునే సాక్ష్యాల్లో ఎన్నోసార్లు విన్నాను. విన్నప్పుడల్లా చప్పట్లే. మరి ఒడ్డున కొట్టుకుపోయినవాళ్ళూ మాత దగ్గరికి వచ్చినవాళ్ళే కదా? పూజ ముగించుకుని స్నానానికి దిగినవాళ్ళూ ఉంటారు, చెల్లించాల్సిన మొక్కు చెల్లించినవాళ్ళూ ఉంటారు. నేనిదే ఆయన్ని అడిగాను.

ఆయన రేకులు సర్దుతూ, "గుడిలో ఉన్నవాళ్ళు మంచోళ్ళు, బయటోళ్ళు చెడ్డోళ్ళు అని ఇక్కడోళ్ళెవరూ అనరమ్మా. ఊరోళ్ళు అలా అనలేరు. గుడిలోంచి బయటికొచ్చినోళ్ళే కదా శవాలు మోసింది," అన్నాడు. తర్వాత కిడ్నీ రేకు ఉందా అని పిన్ని అడిగితే, గుండె రేకు చూపించి అదే ఇది అన్నాడు. వ్యాపారం వ్యాపారమే.

సిలోయము గోపురం కూలి పద్దెనిమిది మంది చచ్చిపోయిన సంగతి లూకా సువార్త పదమూడో అధ్యాయంలో వస్తుంది. వాళ్ళు మిగతా యెరూషలేము వాళ్ళ కన్నా పాపులా అంటే, యేసు ప్రభువు కాదని తెగేసి చెప్తాడు. అక్కడితో ఆగితే హాయిగా ఉండేది. మీరు మారకపోతే మీ గతీ అంతే అని వెంటనే అంటాడు. కఠినమైన మాట. ఆ వెంటనే అంజూరపు చెట్టు కథ. మూడేళ్ళుగా కాయని చెట్టుని నరికెయ్యమని యజమాని అంటే, ఈ ఒక్క ఏడూ ఆగండి, చుట్టూ తవ్వి ఎరువు వేస్తానని తోటమాలి బతిమాలతాడు. చెట్టు కాసిందో లేదో చెప్పకుండానే కథ ఆగిపోతుంది. కోపంగా చదివితే గొడ్డలే కనబడుతుంది. గొడ్డలికీ చెట్టుకీ మధ్య నిలబడ్డ ఆ తోటమాలిని నేను వేళాంగణి గదిలో కూర్చుని చదివినప్పుడే సరిగ్గా చూశాను.

సాయంత్రం గుడిలోకి వెళ్ళాం. పట్టుచీర కట్టి, బాలయేసుని ఎత్తుకుని పీఠం మీద మాత. జనం తోసుకుంటున్నారు. అమ్మ కొవ్వొత్తి పట్టుకుని మంగళవార్త జపం మొదలుపెట్టింది. "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా, వందనము" దాకా వచ్చి ఆగిపోయింది. తర్వాత మామూలుగా, మా వీధిలో పక్కింటావిడతో మాట్లాడే గొంతుతో మొదలెట్టింది.

"నీ కొడుకు మూడో రోజుకి లేచాడు. మరి నా కొడుకో? ఆరోగ్యమాత అంటారే నిన్ను. ఒక్క కిడ్నీ. నాది తీసుకోమన్నాను. అదీ పనికి రాదన్నారు. నువ్వు చూస్తూ ఊరుకున్నావు."

గొంతు పెరిగింది. చుట్టూ తమిళులు, మలయాళీలు తిరిగి చూస్తున్నారు. నేను భుజం పట్టుకోబోతే పిన్ని ఆపింది. అమ్మ చాలాసేపు దెబ్బలాడింది. భద్రాచల రాముణ్ణి కడిగేసిన రామదాసు మన తెలుగువాడే కదా, ఆ నోరు మనకెక్కడికి పోతుంది? తిట్లయ్యాక అమ్మ ముక్కు తుడుచుకుని, ఆపిన చోటి నుంచి జపం అందుకుంది. "ఏలినవారు మీతో ఉన్నారు..."

బయటికొచ్చాక అడిగాను, అంత కోపం ఉన్నదానివి జుట్టెందుకిచ్చావని.

"ఇవ్వకపోతే అలిగినట్టుంటుందే. అలిగి కూర్చుంటే ఇక ఎవరితో చెప్పుకోను?" అంది.

లాజరు చనిపోయాక అతని తోబుట్టువు మార్త యేసుతో అన్న మాట గుర్తొచ్చింది. మీరు ఇక్కడ ఉండి ఉంటే నా సోదరుడు చనిపోయేవాడు కాదు. కబురు అందాక కూడా ఆయన రెండు రోజులు ఉన్నచోటే ఉండిపోయాడు. సువార్తలో యోహాను ఆ ఆలస్యాన్ని దాచడు. పైగా ఆ ఇంటివాళ్ళని ఆయన ప్రేమించాడని ముందు చెప్పి మరీ, అందుకని ఆగాడన్నట్టు రాస్తాడు. చదువుతుంటే ఒళ్ళు మండుతుంది. ఆ మార్త మాట నిష్ఠూరమే. కానీ ఊరి బయటికి ఎదురెళ్ళి, ఆయన మొహం మీదే అంది. ఆయన గద్దించలేదు, సమాధి దగ్గర ఏడ్చాడు. పట్టుబడిన రాత్రి గెత్సెమనే తోటలో ఆయన తన కోసం అడిగింది కూడా దొరకలేదు, ఆ శ్రమల పాత్ర తొలగిపోలేదు. అన్నయ్య పోవడంలో దేవుడి మేలు ఏదో ఉందని నేనిప్పటికీ అనలేను, ఎవరన్నా అంటే లేచి వెళ్ళిపోతాను. అయితే దేవుడి దయ కఠినంగా ఉందని ఆయన మొహం మీదే అనొచ్చని, అన్నవాళ్ళని సువార్తలో ఎవరూ బయటికి గెంటలేదని మాత్రం మా అమ్మ పక్కన నిలబడ్డాక నమ్మకం కుదిరింది. నాన్నకి ఇదంతా ఫోన్లో చెబితే, "సరే, ఎప్పుడొస్తున్నారు?" అన్నారు.

మర్నాడు పిన్ని ఇసక దారిలో మాత కొలను దాకా మోకాళ్ళ మీద వెళ్ళింది. అమ్మ మోకాళ్ళకి అంత ఓపిక లేదు, పక్కనే చెప్పులు పట్టుకుని నడిచింది. కానుకల ప్రదర్శన కూడా చూశాం. అద్దాల వెనక బంగారం, వెండి, థాంక్స్ ఉత్తరాలు, ఉద్యోగం వచ్చినవాళ్ళవి, బిడ్డ పుట్టినవాళ్ళవి. మా అమ్మలాంటి వాళ్ళ ఉత్తరాలకి అక్కడ అర కనబడలేదు. పెట్టాలి అసలు.

బయల్దేరేముందు అమ్మ మాత నూనె సీసాలు రెండు కొంది. ఒకటి ఇంటికి. రెండోది అన్నయ్యకి డయాలసిస్ చేసిన చోట పక్క మంచం మీద ఉండే కుర్రాడికి. ఇంకా పాతికేళ్ళు లేవు వాడికి. వాళ్ళమ్మ, మా అమ్మ ఆ వరండాలోనే స్నేహితులయ్యారు.

"మన వాడికి పనిచెయ్యని నూనె తీసుకెళ్ళి వాళ్ళకేం చెప్తావమ్మా?" అన్నాను.

సీసా మూత గట్టిగా తిప్పి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, నా బ్యాగులో బట్టల మధ్య నిలబెట్టింది. "రాసుకోమంటాను. నీళ్ళు కొలిచి తాగమంటాను. కొబ్బరి నీళ్ళు అడిగితే ఇవ్వొద్దని వాళ్ళమ్మకి చెప్తాను. ఆవిడకి మనసు మెత్తన, ఇచ్చేస్తుంది."