ఏటిగట్టుకి అవతల

పులస తిందామని బయల్దేరినవాణ్ణి. రావులపాలెంలో ధర అడిగేసరికి ఆ ముచ్చట తీరిపోయింది. చిన్న చేపకే వేలల్లో చెబుతున్నారు. ఆ విసుగులో పి.గన్నవరం బస్సెక్కాను. అక్కడ ఆటో అబ్బాయి పెదపూడి రేవుకి నూటయాభై అన్నాడు. ఇచ్చాను, వేరే దారి లేదు మరి.

వేసవిలో ఇక్కడ వశిష్ఠ పాయకి అడ్డంగా బాట వేసుకుంటారు. పైనుంచి వరద నీళ్ళు రాగానే అది తెగిపోతుంది. ఇక అవతల నది మధ్య లంకల్లో ఉన్న బూరుగులంక, ఊడిమూడిలంక, అరిగెలవారిపేట, పెదపూడిలంక వాళ్ళకి బడికైనా ఆసుపత్రికైనా పడవే గతి. నేను వెళ్ళేసరికి పక్కన వంతెన పని సాగుతోంది, మన వంతెనలు సాగినట్టే.

పడవలో రెండు మోటారు సైకిళ్ళు, ఒక గ్యాసు బండ, బడిపిల్లలు, అరటిగెలలు. బియ్యం బస్తా మీద కూర్చున్న మామ్మగారు మనవణ్ణి అడుగుతున్నారు: "భద్రాచలం ఎంతుందిరా?"

వాడు ఫోనులో నీటిమట్టం చూసి "ముప్పై ఎనిమిది అడుగులు" అన్నాడు.

"నలభై మూడైతే కదండీ మొదటి హెచ్చరిక?" అన్నాను, నాకూ తెలుసన్నట్టు.

"అది టీవీ లెక్క బాబూ. మాకు ధవళేశ్వరం లెక్క, మెట్ల లెక్క. పదమూడు ముప్పావు అడుగులొస్తే మా వాకిట్లోకి. పదిహేడు ముప్పావైతే మూడో మెట్టు. రెండువేల ఇరవై రెండులో అన్ని మెట్లూ ములిగి ఇంట్లోకొచ్చేసింది. ఎనభై ఆరులో ఈ ఇల్లు లేదు, పాకే. అది పోయింది."

2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి లేచింది. 1986 ఆగస్టులో 75.6. ఆ ఏడాది గట్లు తెగి కోనసీమ లోపలి ఊళ్ళు కూడా మునిగాయి, తర్వాత గట్ల ఎత్తు పెంచారు. లంకలున్నది మాత్రం గట్టుకి నది వైపున.

"గట్టు లేస్తే లోపలోళ్ళకి మంచిదే. ఆ నీళ్ళు ఎక్కడికి పోతాయండీ, మా మీదే కదా నిలబడేది" అన్నారావిడ, కోపమేమీ లేకుండా. కోపం నాకొచ్చింది.

అవతలి రేవులో దిగి వెళ్ళిపోదామనుకున్నాను. "డొక్కా సీతమ్మగారి ఊరు పక్కనే పెట్టుకుని, భోజనం వేళ మనిషిని ఊరికే పంపుతామాండీ?" అని లాక్కెళ్ళారు. ఆనపకాయ పులుసు, గోంగూర, గడ్డ పెరుగు. పులస మాట మళ్ళీ గుర్తురాలేదు.

ఇల్లు చూస్తే అర్థమైంది. అరుగు నా నడుమెత్తు. అటక మీద బియ్యం డబ్బా, అగ్గిపెట్టెలు, ప్లాస్టిక్ సంచిలో ఆధార్ కార్డులు, పట్టాదారు పుస్తకం. గేదెల్ని ముందే గట్టు మీదికి తోలేస్తారు, గడ్డితో సహా. అరటి బోదెలతో తెప్ప కట్టడం మనవడికీ వచ్చు. అసలు ఇబ్బంది తాగే నీళ్ళకట. ఇంటి చుట్టూ గోదావరి, బిందె నింపుకోవడానికి చుక్క ఉండదు.

2020 అక్టోబరులో హైదరాబాదులో మా సెల్లార్‌లోకి నీళ్ళొచ్చినప్పుడు, ఎంతదాకా వస్తాయో చెప్పగలిగినవాడు మా అపార్ట్‌మెంట్లో ఒక్కడూ లేడు. మేమున్నది ఏ చెరువు శిఖంలోనో కూడా ఆ రాత్రే తెలిసింది. వాట్సాప్ గ్రూపులో మాత్రం తెల్లార్లూ మోటారు ఎవరు కొనాలన్న గొడవ.

"మీ ధైర్యం గొప్పదండీ" అన్నాను, వెళ్ళొస్తూ.

"ధైర్యమా, నా మొహమా! నా మోకాళ్ళకి పడవెక్కడం కంటే వరదే నయం. ముందు ఆ వంతెన అవ్వనియ్యండి."

ఈలోగా మనవడు అరిచాడు, "మామ్మా, నలభై ఒకటి!" ఆవిడ చీర కుచ్చిళ్ళు దోపుకుని కోళ్ళగూడు వైపు నడిచారు. నన్ను మాత్రం తొందరపెట్టారు: "నాలుగింటి పడవెక్కెయ్యండి. ఇంకా పెరిగితే ఆపేస్తారు."

పొద్దున పది తీసుకున్న పడవవాడు సాయంత్రం ఇరవై అన్నాడు. ఎందుకని అడిగితే నీళ్ళకేసి చూపించాడు.