షార్జా బాల్కనీలో గోంగూర: సెప్టెంబర్ నుంచి మార్చి దాకా

మా ఫ్లాట్ షార్జా అల్ నహ్దాలో, బాల్కనీ తూర్పు ముఖం. ఇల్లు చూసేటప్పుడు మా ఆయన దుబాయ్ ట్రాఫిక్ లెక్కలు వేసుకుంటే, నేను ఎండ ఎటు పడుతుందో చూసుకున్నాను. పడమటి బాల్కనీ అయితే ఏప్రిల్ దాటాక మొక్కల మీద ఆశ వదులుకోవాల్సిందే. తూర్పు వైపు పొద్దున నాలుగైదు గంటలు ఎండ ఉంటుంది, ఆ తర్వాత నీడ. ఆకుకూరలకి అది చాలు.

సెప్టెంబర్ చివర

కడియం నర్సరీల మధ్య పెరిగిన చెయ్యి, తొలకరి పడితే గానీ విత్తనం ముట్టదు. ఇక్కడ తొలకరి ఎక్కడిది? ఏడాది మొత్తం వాన 100 మిల్లీమీటర్లు దాటని సంవత్సరాలే ఎక్కువ. ఎండలు తగ్గడమే ఇక్కడి ఏరువాక. ఆగస్టు చివర్లో తెల్లవారుజామున సుహైల్ నక్షత్రం కనబడితే వేడి తగ్గుముఖం పడుతుందని అరబ్బుల లెక్క, మన కార్తెల్లాగే. అయినా గాలిలో ఉక్క పోవడానికి ఇంకో నెల పడుతుంది.

షార్జాలో బడులకి శుక్ర, శని, ఆదివారాలు సెలవు. మా ఆయనకి శుక్రవారం ఆఫీసు ఉంటుంది. కాబట్టి ఆ రోజు బాల్కనీ నాదీ, మా అబ్బాయిదీ. కొత్త స్కూలు, కొత్త అరబిక్ క్లాసు అని వాడు రోజూ ముఖం ముడుచుకునేవాడు. మట్టి పని మాత్రం పిలవకుండానే వచ్చి చేశాడు.

సామాను దుబాయ్ వర్సాన్ మొక్కల మార్కెట్‌లో కొన్నాం. బేరం ఆడాలి, మొదట చెప్పిన ధర ఇవ్వకండి. మట్టి ఇలా కలిపాను: రెండు పాళ్లు కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), ఒక పాలు కంపోస్టు, ఒక పాలు స్వీట్ శాండ్ (ఉప్పు లేని ఇసుకని ఇక్కడ ఆ పేరుతో అమ్ముతారు), కుండీకి గుప్పెడు వేపపిండి. 5 కిలోల కోకోపీట్ దిమ్మ నానితే 60 లీటర్లకి పైనే అవుతుంది, చిన్న బాల్కనీకి ఒకటి చాలు. నానాక రెండుసార్లు కడిగి పిండితే అందులోని ఉప్పు పోతుంది. నల్ల కుండీలు వద్దు, వేళ్లు ఉడికిపోతాయి. తెల్లవి తీసుకుని, టైల్ వేడి తగలకుండా కింద చెక్కముక్కలు పెట్టాను. ప్రతి కుండీకీ ట్రే ఉండాల్సిందే, లేకపోతే కింది ఫ్లాట్‌లో చుక్కలు పడతాయి, నాతూర్ తలుపు తడతాడు. నాతూర్ అంటే మన వాచ్‌మన్.

నీళ్ల సంగతి విడిగా చెప్పాలి. పైన ట్యాంకు కాగిపోయి, ఎండాకాలంలో చన్నీళ్ల కుళాయిలోనూ వేడినీళ్లే వస్తాయి. ఇక్కడి పాతకాపులంతా గీజర్ స్విచ్ ఆపేస్తారు. గీజర్ ఏసీ ఇంట్లో ఉంటుంది కాబట్టి అందులో నిలిచిన నీళ్లు చల్లబడతాయి, వేడినీళ్ల కుళాయి తిప్పితే చల్లనివి వస్తాయి. మా స్నానాలకీ, మొక్కలకీ అక్టోబర్ సగం దాకా అవే.

నవంబర్, డిసెంబర్

మెంతికూర, కొత్తిమీర, పాలకూర గురించి రాయడానికేమీ లేదు. ఈ ఊరి చలికాలం వాటికి అచ్చొచ్చింది. వేసినవి వేసినట్టు వచ్చాయి.

గోంగూర కథ వేరు. అక్టోబర్ మొదట్లో వేసిన విత్తనం వారంలోపే మొలిచింది. తీరా మోకాలెత్తు కూడా రాకుండానే మొగ్గ తొడిగింది. ఎరువు లోపం కాదు, తెగులూ కాదు. గోంగూర పగటి పొద్దు చూసి పూతకొచ్చే మొక్క. పగలు సుమారు 12 గంటల కంటే తగ్గితే ఆకు మానేసి పూత మీద పడుతుంది. షార్జాలో డిసెంబర్ పగలు పదిన్నర గంటలే. మన దగ్గర జూన్‌లో వేస్తే ముందు పొడుగు పగళ్లు ఉంటాయి కనుక ఆకు కోసుకోవడానికి బోలెడు వ్యవధి. ఇక్కడ చలికాలం ఎంత హాయిగా ఉన్నా గోంగూర ఆకుకి అది అదను కాదు.

పూత వచ్చాక మాత్రం ఒక సందడి. ఎదురు ఫ్లాట్ సుడాన్ ఆవిడ మొక్క చూస్తూనే గుర్తుపట్టింది. కాయ చుట్టూ ఉండే ఎర్ర రేకుల్ని ఎండబెట్టి వాళ్లు కర్కదే అనే పానీయం కాచుకుంటారు, చల్లగానూ వేడిగానూ. మొక్క అదే, మనకి ఆకు కావాలి, వాళ్లకి రేకు కావాలి. నాది ఆకు రకం కావడంతో రేకులు పల్చగా ఉన్నాయి. ఆవిడ ఒకటి చిదిమి చూసి, పెదవి విరిచి, మర్నాడు తన డబ్బాలోంచి మందపాటివి గుప్పెడు తెచ్చి ఇచ్చింది. నా రేకులు పచ్చిమిర్చి వేసి పచ్చడి చేశాను. మా ఆయన ఊళ్లో తిన్న రుచే అన్నారు, నాకు పులుపు చాలలేదు.

జనవరిలో పిండినల్లి పట్టింది. మందార జాతి మొక్క ఉంటే అది రాక తప్పదు. లీటరు నీళ్లకి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల గిన్నెల సోప్ కలిపి సాయంత్రం పూట ఆకు అడుగున కొట్టాను. దుమ్ము గాలి వచ్చిన మర్నాడు ఆకులు కడగడం కూడా అలవాటు చేసుకోండి.

మార్చి

రెండో విడత గోంగూర వేశాను. ఇకనుంచి పగళ్లు పెరిగేవే, జూన్‌కి పదమూడున్నర గంటలు దాటతాయి. ఎండకి అది బెదిరే రకం కాదు, మధ్యాహ్నానికి షేడ్ నెట్ ఉంటే సరి. కరివేపాకు లేత ఆకులు పసుపు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి. ఇనుము అందడం లేదన్నమాట. పుల్లమజ్జిగ పలచగా కలిపి పోస్తున్నాను, నర్సరీలో ఇచ్చిన ఇనుప మందు కూడా కొంచెం.

జూలైలో స్కూలు సెలవులకి ఇండియా వెళ్తాం. తాళాలు పక్కింటి చేచ్చికి (మలయాళంలో అక్క) ఇస్తాను. బకెట్లోంచి నూలు వత్తులు కుండీల్లోకి లాగితే ఆవిడ రెండు రోజులకోసారి బకెట్ నింపితే సరిపోతుంది. అప్పటికి ఏమీ మిగలకపోయినా బచ్చలి మిగులుతుందని నా నమ్మకం. తీగకి ఆసరా కావాలి. రెయిలింగ్‌కి తాడు కట్టొద్దని నాతూర్, గోడకి మేకు కొట్టొద్దని ఓనర్. బాల్కనీలో బట్టలు ఆరేయకూడదన్నది ఎలాగూ బిల్డింగ్ రూలే కాబట్టి, ఖాళీగా ఉన్న బట్టల స్టాండ్‌నే పందిరి చేశాను.