ఏడు మునకలు

రెండవ రాజుల గ్రంథము 5వ అధ్యాయం చదివినప్పుడల్లా నన్ను ఆగిపోయేలా చేసేది నయమాను కోపం. సిరియా రాజుకు సైన్యాధిపతి అయిన ఆ కుష్ఠురోగి గుర్రాలతో, రథంతో వచ్చి ఎలీషా ఇంటి గుమ్మం ముందు నిలిస్తే, ప్రవక్త బయటికైనా రాకుండా, యొర్దాను నదికి వెళ్లి ఏడుసార్లు స్నానం చేయమని ఒక మనిషి చేత కబురు చెప్పించాడు.

ప్రవక్త తన ఎదుటికి వచ్చి, దేవుని నామాన్ని బట్టి ప్రార్థించి, రోగమున్న చోట చెయ్యి ఆడిస్తాడని నయమాను ముందే ఊహించుకున్నాడు. ఆ ఊహలో తాను చేయవలసిన పని ఒక్కటీ లేదు. దమస్కు నదులైన అబానా, ఫర్పరు ఇశ్రాయేలు నీళ్లన్నిటికంటె మంచివి కావా అంటూ రుసరుసలాడుతూ వెళ్లిపోయాడు. అబానా అంటే నేటి బరదా అని పండితులు చెబుతారు. దమస్కు తోటలను పచ్చగా నిలిపిన నది అది. కాబట్టి అతడు తన నదుల గురించి గొప్పగా చెప్పుకోవడంలో వింతేమీ లేదు. అయితే ఏ నీళ్లు మంచివో తేల్చమని అతణ్ణి ఎవరూ అడగలేదు.

అప్పుడు అతని దాసులు దగ్గరకు వచ్చి, ‘నాయనా’ అని పిలిచి, ప్రవక్త ఏదైనా గొప్ప కార్యం చేయమంటే చేయకుండా ఉండేవాడివా అని అడిగారు. నేనైతే ఆ ప్రశ్నను దాటలేను. కఠినమైన ఉపవాసం చేయమంటే, నలుగురికీ తెలిసేలా సంతోషంగా చేస్తాం. చిన్న ఆజ్ఞ దగ్గరే మనకు ప్రాణం మీదికి వస్తుంది. ఒక క్రిస్మస్ ఆరాధనలో వాక్యపఠనం నాకే ఇస్తారని ఎదురుచూస్తుండగా, సంఘపెద్ద ఒకరు నన్ను పిలిచి చాపలు పరచమన్నారు. పరిచాను. ఒక్కొక్క చాప అంచు లాగి సరిచేస్తున్నంతసేపూ, చదవబోయే అబ్బాయి ‘శ’ను ‘స’ అంటాడని లోలోపల గొణుక్కుంటూనే ఉన్నాను.

ఆ పూట నాకంటే నయమాను మేలు. రోగానికి మందు ఇశ్రాయేలులో ఉందన్న సంగతి మొదట చెప్పింది చెరపట్టి తెచ్చిన ఒక చిన్నపిల్ల. ఇప్పుడు సరిచేసింది దాసులు. రెండుసార్లూ తనకంటే తక్కువవారి మాట విన్నాడు. ఎలీషా ఉన్న సమరయ నుండి యొర్దానుకు 30 కిలోమీటర్లకు పైగా కొండలు దిగి వెళ్లాలి. ఆరవ మునక వరకూ ఒంటిమీద ఏ మార్పైనా కనిపించిందని వాక్యం చెప్పదు.

బాగైన తరువాత కానుక పుచ్చుకోమని బలవంతం చేశాడు, ఎలీషా ససేమిరా అన్నాడు. ఆజ్ఞాపించినవన్నీ చేసిన తరువాత కూడా తాము నిష్‌ప్రయోజకులైన దాసులమనే చెప్పుకోవాలని లూకా 17:10లో యేసు శిష్యులకు నేర్పిన మాట నాకు ఇక్కడే అర్థమైంది. విధేయతకు వెల కట్టి ఇచ్చేసి, లెక్క సరిపోయిందని తలెత్తుకు పోయే దారిని ప్రవక్త మూసేశాడు. నయమాను నొచ్చుకోలేదు. ఇశ్రాయేలు నీళ్లను చులకన చేసిన ఆ నోటితోనే, తనను ‘నీ దాసుడు’ అని చెప్పుకుంటూ, రెండు కంచర గాడిదలు మోసేటంత ఇశ్రాయేలు మన్ను ఇప్పించమని వేడుకున్నాడు.