మందు పేరు అడిగినందుకు

నిన్న సాయంత్రం ఆఖరి రిపోర్టు చేతికి వచ్చింది. రక్తంలో వైరస్ కనబడలేదని రాసి ఉంది. కాలేయాన్ని దెబ్బతీసే హెపటైటిస్ సి నన్ను వదిలిందన్నమాట. సంతోషంగానే ఉంది కానీ, ఒక అద్దాల గది మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు. అది తగ్గకముందే రాసేస్తున్నాను.

మాది అంబాజీపేట దగ్గర. కొబ్బరి వ్యాపారం. చెట్టు దగ్గర కాయ ధర ఎంత, దింపు కూలి ఎంత, ఒలుపు ఎంత, లారీ కిరాయి ఎంత, ఉత్తరాది మార్కెట్లో ఎంతకు పోతుంది, నిద్రలో లేపి అడిగినా చెబుతాను. ఇందులో ధరల గొడవ ఎక్కువైందని అనిపిస్తే కారణం అదే.

హెర్నియా ఆపరేషనుకు ముందు మామూలుగా చేసే రక్తపరీక్షల్లో ఈ జబ్బు బయటపడింది. ‘హెచ్‌సీవీ రియాక్టివ్’ అన్నారు (హెచ్‌సీవీ అంటే హెపటైటిస్ సి వైరస్), ఆపరేషను ఆపేశారు. అది యాంటీబాడీ పరీక్ష, అంటే వైరస్ మీద పోరాడటానికి ఒళ్ళు తయారుచేసుకున్న పదార్థాన్ని చూసేది. వైరస్ ఎప్పుడో ఒకప్పుడు ఒంట్లోకి వచ్చిందని మాత్రమే దాని అర్థం. కొందరికి దానంతట అదే పోతుంది కూడా. ఇప్పుడు ఉందో లేదో తేలాలంటే వైరస్‌నే నేరుగా వెతికే ఆర్‌ఎన్‌ఏ పరీక్ష చేయించాలి. చేయించాను, ఉంది. ఎలా వచ్చిందంటే ఎవరూ చెప్పలేరు. నా అనుమానం మాత్రం చిన్నప్పుడు మా ఊరి ఆర్‌ఎంపీ వాడిన గాజు సిరంజి మీద. జ్వరమైనా నీరసమైనా సూది పొడిస్తేనే వైద్యం అనుకునే రోజులవి. ఒకే సూది ఊరంతా తిరిగేది.

మా అల్లుడు కారులో పట్నంలోని పేరున్న ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరు రిపోర్టు చూసి, “భయపడకండి, పన్నెండు వారాలు మాత్రలు వేసుకుంటే తగ్గిపోతుంది” అన్నారు. ఆ మాటతో సగం జబ్బు పోయినట్లే అనిపించింది. మిగతా వివరాలు కౌన్సెలింగ్‌లో చెబుతారంటూ బయటికి పంపారు. ఆ కౌన్సెలింగ్ జరిగేదే అద్దాల గది.

లోపల ఒక అమ్మాయి కూర్చుని ఉంది. నున్నటి కాగితం ఒకటి మా ముందు పెట్టింది. వెండి, బంగారం, ప్లాటినం అని మూడు ప్యాకేజీలు. మా అమ్మాయి పెళ్ళికి నగలు కొన్నప్పుడు కూడా ఇన్ని లోహాల పేర్లు వినలేదు. బంగారం అంకె లక్ష దాటింది.

“అమ్మా, ఇందులో మందు ఎంత, పరీక్షలు ఎంత, ఫీజు ఎంత? విడివిడిగా చెప్పండి” అన్నాను.

“ప్యాకేజీ అండీ. విడిగా ఉండదు.”

“పోనీ, మందు పేరు చెప్పండి.”

“డాక్టరు గారు రాస్తారండీ.”

“ఏ కంపెనీది?”

“మంచి కంపెనీదే అంకుల్. మందు పేరుతో మీకేం పని?”

అద్దాల గది అన్న మాటే గాని తలుపు తెరిచే ఉంది. బయట బెంచీ మీద కూర్చున్నవాళ్ళంతా వింటున్నారు. ఆమె గొంతు తగ్గించకుండా, “మీకు సి పాజిటివ్ అండీ. ఆలస్యం చేస్తే కాలేయం గట్టిపడుతుంది, తర్వాత క్యాన్సర్ రావచ్చు, తర్వాత కాలేయ మార్పిడే. దానికి ఎంతవుతుందో తెలుసా?” అని ఆ అంకె కూడా చెప్పింది. దాని పక్కన పెడితే ప్యాకేజీ చౌక అనిపించాలని కాబోలు. నేను మళ్ళీ మందు పేరే అడిగాను. అప్పుడు ఆమె నన్ను వదిలేసి మా అల్లుడి వైపు తిరిగింది.

“మీరైనా చెప్పండి సార్. పెద్దాయన ప్రాణం కంటే డబ్బు చూసుకుంటున్నారు.”

అల్లుడు ఏమీ అనలేదు. పర్సు తీసి కార్డు బల్ల మీద పెట్టాడు.

గోదావరి జిల్లాల్లో అల్లుడి మర్యాద గురించి నేను కొత్తగా చెప్పేదేముంది? సంక్రాంతికి వస్తే విస్తరిలో ఎన్ని రకాలు వడ్డించారో పత్రికల్లో వేస్తారు. అలాంటిది, నా మాత్రలకు అల్లుడు డబ్బు కట్టబోవడం, బెంచీ మీద జనం చూడటం, ఆ అమ్మాయి చెయ్యి కార్డు మీదికి రావడం! చెవులు వేడెక్కిపోయాయి. కార్డు తీసి అతని జేబులో పెట్టి లేచాను. ఆలోచించి చెబుతామనే మర్యాద మాట కూడా నోటికి రాలేదు. రావులపాలెం దాకా కారులో ఇద్దరం మాట్లాడుకోలేదు. అక్కడ అతనే, “టీ తాగుదామా మామయ్యగారూ?” అన్నాడు. మంచి కుర్రాడు.

ధర విడదీసి అడిగినవాణ్ణి మా వ్యాపారంలో పిసినారి అనరు. అడగనివాణ్ణి చేతకానివాడంటారు. ఆసుపత్రి గుమ్మం దాటగానే ఈ న్యాయం ఎందుకు తిరగబడుతుందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

మా తమ్ముడి కొడుకు హైదరాబాదులో మందుల కంపెనీలో పనిచేస్తాడు. వాడికి ఫోను చేసి నా కోపమంతా వెళ్ళగక్కాను. వాడు నవ్వి, “పెదనాన్నా, ఆ అమ్మాయి చెప్పిన లెక్క ఆమెది కాదు. ఆ మందు పుట్టినప్పటి నుంచీ ఉన్న లెక్కే” అన్నాడు. తర్వాత వాడు చెప్పిందీ, నేను వెతికి చదివిందీ ఇది.

ముఖ్యమైన మందు పేరు సోఫోస్‌బువిర్. ఫార్మాసెట్ అనే చిన్న కంపెనీ తయారుచేసింది. గిలియడ్ అనే పెద్ద కంపెనీ 2011లో దాదాపు 1,100 కోట్ల డాలర్లకు ఆ కంపెనీని కొనడానికి ఒప్పందం చేసుకుంది. 2013 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది. మాత్ర ఒక్కటి వెయ్యి డాలర్లు! రోజుకొకటి చొప్పున 84 రోజులకు 84 వేల డాలర్లు. లివర్‌పూల్ విశ్వవిద్యాలయానికి చెందిన ఆండ్రూ హిల్ బృందం లెక్క ప్రకారం, పెద్ద ఎత్తున తయారుచేస్తే ఆ పన్నెండు వారాల మాత్రలకు అయ్యే ఖర్చు 68 నుంచి 136 డాలర్లు. హెపటైటిస్ సి మందుల మీద గిలియడ్‌కు 2015లో ఒక్క ఏడాదే దాదాపు 1,900 కోట్ల డాలర్ల అమ్మకాలు జరిగాయి. అదే ఏడాది డిసెంబరులో అమెరికా సెనేట్ ఆర్థిక సంఘంలోని ఇద్దరు సభ్యులు, అందులో రెండు పార్టీల వాళ్ళూ ఉన్నారు, కంపెనీ కాగితాలు తిరగేసి నివేదిక ఇచ్చారు. ఎంతమందికి మందు అందుతుందనే దానికంటే రాబడికే ప్రాధాన్యం ఇచ్చి ధర పెట్టారని అందులో తేల్చారు.

ఇంత ధర ఏమిటంటే, కాలేయ మార్పిడితో పోలిస్తే తక్కువే కదా అన్నది కంపెనీ పక్షాన వినిపించే జవాబు. అద్దాల గదిలో నేను విన్నదీ అదే. గోదావరిలో మునుగుతున్నవాడికి తాడు విసిరే ముందు నీ ప్రాణం ఖరీదెంత అని అడిగి, ఆ లెక్కన తాడు ధర చెప్పినట్లుంది. లాభం మీద నాకు పగ లేదు, నేనూ లాభానికే అమ్ముతాను. తుఫాను వచ్చి తోటలు పడిపోయిన ఏడాది కాయకు ధర పెరిగితే నేనూ తీసుకున్నాను. కానీ వ్యాపారి తన ఖర్చు మీద లాభం వేసుకోవాలి. కొనేవాడి భయం మీద వేసుకుంటే దానికి మా అంబాజీపేట మార్కెట్టులో వేరే పేరుంది, ఇక్కడ రాయలేను.

మన దేశం సంగతి కొంత నయం. 2014 సెప్టెంబరులో గిలియడ్ ఏడు భారతీయ కంపెనీలకు ఈ మందు తయారీకి లైసెన్సులు ఇచ్చింది. అప్పటి ఒప్పందం ప్రకారం 91 దేశాలకు అమ్ముకోవచ్చు, అమ్మకాల మీద 7 శాతం రాయల్టీ కట్టాలి. చైనా, బ్రెజిల్ లాంటి దేశాలను ఆ జాబితాలో చేర్చలేదు, అక్కడి రోగులు ఏమయ్యారో మరి. ఈ మందు మీద గిలియడ్ పేటెంటును ఇక్కడ ఎదిరించిన హైదరాబాదు కంపెనీ నాట్కో, తర్వాత తానూ లైసెన్సు తీసుకుని 2015 మార్చిలో 28 మాత్రల సీసాను 19,900 రూపాయలకు తెచ్చింది. పోటీ పెరిగింది, ధర పడింది. 2017 నాటికి డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే సేవాసంస్థ, సోఫోస్‌బువిర్, దానికి తోడుగా వాడే డక్లాటాస్‌విర్ రెండూ కలిపి పూర్తి కోర్సును 120 డాలర్లకు కొనగలిగింది.

మరి నాకు బంగారం ప్యాకేజీ ఎందుకు చూపించారు? మా ఊరి మందుల దుకాణం అతనికి పేర్లు చెప్పి అడిగాను. పెట్టె మీద ముద్రించిన ధర ఎంతో, తనకు పడే ధర ఎంతో చూపించాడు. సగం కూడా లేదు. విదేశీ కంపెనీని తిట్టి ఊరుకుంటే సరిపోదని ఆ రోజు తెలిసింది. మందు చౌకైనా ఆ తేడా రోగి చేతికి రాకుండా మధ్యలోనే మిగిలిపోతోంది.

అక్కడే కొనేవాణ్ణి. ఈలోగా మా వీధి ఏఎన్‌ఎం ఆపింది. “ప్రభుత్వాసుపత్రిలో ఉచితం బాబాయిగారూ, పరీక్షలు కూడా” అంది. జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం 2018 జూలై 28న మొదలైందట. పేరున్న ఆసుపత్రిలో ఒక్కరూ ఈ మాట చెప్పలేదు. ఎందుకు చెబుతారు?

వెళ్ళాను. ఆధార్ జిరాక్సులు ఎక్కువే పట్టుకెళ్ళండి, ప్రతి కిటికీ ఒకటి మింగుతుంది. చీటీ రాసే ఆయన, “కార్లలో వచ్చేవాళ్ళకు కూడా ఉచితం కావాలా?” అన్నాడు. కావాలి. పన్ను కడుతున్నాను కాబట్టి కావాలి. గట్టిగానే అన్నాను, వెనక వరుసలో ఎవరో నవ్వారు కూడా. వయసు, ప్లేట్‌లెట్లు, రక్తపరీక్షలో వచ్చే కాలేయం అంకెలు కలిపి లెక్కకట్టి, కాలేయం ఇంకా గట్టిపడలేదన్నారు. అలాంటివారికి రోజూ సోఫోస్‌బువిర్, డక్లాటాస్‌విర్ చెరొకటి, పన్నెండు వారాలు. గట్టిపడినవారికి డక్లాటాస్‌విర్ బదులు వెల్పటాస్‌విర్ కలిపిన మందు ఇస్తారు. అది వేసుకునేవాళ్ళు గ్యాస్ మాత్రల సంగతి ముందే చెప్పాలి, వాటివల్ల మందు సరిగా ఒంటబట్టదు. గుండెకు అమియోడరోన్ వాడేవాళ్ళు తప్పకుండా చెప్పాలి, ప్రాణం మీదికి వస్తుంది. హెపటైటిస్ బి పరీక్ష కూడా ముందే చేయించుకోండి. ఇవన్నీ చెప్పింది మందులిచ్చే ఫార్మసిస్టు. అతను ఇచ్చిన సీసా మీద మందు పేరు, కంపెనీ, తయారీ తేదీ అన్నీ ఉన్నాయి. నేను అడగనక్కరలేకపోయింది.

మాత్రలతో ఏ ఇబ్బందీ లేదు. మొదట్లో కాస్త తలనొప్పి, అంతే. ఒకప్పుడు ఇంటర్‌ఫెరాన్ సూదులతో నెలల తరబడి జ్వరాలు పడినవాళ్ళతో పోలిస్తే నేను అదృష్టవంతుణ్ణి. పసరు పోయిస్తామని వచ్చిన చుట్టాలను గుమ్మంలోంచే పంపేశాను. మా అక్క నా గ్లాసు వేరుగా పెట్టింది. ఇది రక్తం ద్వారా వస్తుంది, కలిసి తింటే రాదని చెప్పినా వినలేదు. చదువుకున్న మనిషే.

మాత్రలు అయిపోయాక మరో పన్నెండు వారాలు ఆగి చేసే ఆర్‌ఎన్‌ఏ పరీక్షే అసలైనది. చాలామంది మాత్రలు అయిపోగానే మానేస్తారు, మానకండి. యాంటీబాడీ మాత్రం నయమైనా ఒంట్లో ఉండిపోతుంది. రేపు హెర్నియా ఆపరేషనుకు వెళితే మళ్ళీ ‘రియాక్టివ్’ అనే వస్తుంది. అందుకే ఈ రిపోర్టును లామినేషన్ చేయించాను. నాలుగు నకళ్ళు తీశాను, ఒకటి అల్లుడి దగ్గర ఉంది.

మన దేశంలో రక్తనిధుల్లో దీనికి పరీక్ష తప్పనిసరి అయింది 2001లో. అంతకు ముందు రక్తం ఎక్కించుకున్నవాళ్ళు ఒకసారి చూపించుకోవాలి. మా వియ్యంకుడికి కుర్రతనంలో ప్రమాదం జరిగి రక్తం ఎక్కించారని పెళ్ళి మాటల్లో విన్నట్లు గుర్తొచ్చి, వెంటపడి పరీక్షకు తీసుకెళ్ళాను. ఆయనకు ఏమీ లేదు. కానీ వరుసలో నిలబెట్టానని నాతో ఇంకా సరిగా మాట్లాడటం లేదు.