వంతెన ఒక్కటి చూసి మార్కులేస్తే ఎలా?

మొన్న వరంగల్ ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాల మధ్య తుమ్ముకుంటూ నిలబడితే, మా బామ్మర్ది ఫోన్లో పద్మ నది మీది వంతెన వీడియో చూపించి "బావా, బంగ్లాదేశోళ్లు మనల్ని దాటేసిండ్రు" అన్నాడు. గొప్ప వంతెనే, కాదనను. 6.15 కిలోమీటర్లు, పైన రోడ్డు, కింద పట్టాలు, పైగా 2012లో ప్రపంచ బ్యాంకు అప్పు రద్దు చేస్తే సొంత డబ్బుతో కట్టుకుని 2022లో రోడ్డు తెరిచారు.

కానీ సరుకు ఎంత సాఫీగా కదులుతుందో చూసే ప్రపంచ బ్యాంకు 2023 లెక్కలో, 139 దేశాల్లో మనది 38వ స్థానం, వియత్నాం 43, శ్రీలంక 73, బంగ్లాదేశ్ 88. దీనికి ఒక కారణం, వాళ్ల చిట్టగాంగ్ రేవు కర్ణఫులి నది మీద ఉంది, లోతు తక్కువ, పోటు వస్తేనే ఓడ లోపలికొస్తుంది, పెద్ద ఓడలైతే అసలు రావు, అందుకే చాలా కంటైనర్లు చిన్న ఓడల్లో కొలంబోకో సింగపూర్‌కో వెళ్లి అక్కడ పెద్ద ఓడ ఎక్కాలి. మరి లోతైన రేవుంటే చాలా అంటే అదీ కాదు, శ్రీలంక హంబన్‌టోట రేవు కట్టి, ఓడలు సరిగా రాక 2017లో చైనా కంపెనీకి 99 ఏళ్ల లీజుకిచ్చింది.

అంతా విని మావాడు "మరి మన మిర్చి లోడు బెంగాల్ బార్డర్ల నాలుగు రోజులు ఆగింది గదా, అది ఎవరి ఖాతాల రాయాలె?" అన్నాడు.

రెండు చాయ్ చెప్పాను.