ఫోన్లో విరాళాలు: కాల్ సెంటర్‌కి ఒప్పజెప్పే ముందు వేసుకోవాల్సిన లెక్క

"మీకు పైసా ఖర్చు లేదు సార్. ఫోన్లు మావాళ్లే చేస్తారు. వచ్చినదాంట్లో నలభై శాతం మాకు, అరవై మీకు. రాకపోతే ఏమీ ఇవ్వక్కర్లేదు." విశాఖలో అనాథాశ్రమమో వృద్ధాశ్రమమో నడిపేవాళ్లకి కాల్ సెంటర్ వాళ్ల ఈ మాట వినగానే ప్రాణం లేచొస్తుంది. నెలాఖరుకి కిరాణా బాకీ, ఆయాల జీతాలు కళ్లముందుంటాయి కదా. అయినా సరే, మా అభిప్రాయం ఒకటే: అన్నిటికంటే ఖరీదైన ఒప్పందం ఇదే. జీతం లెక్కన, అంటే ఒక్కో సీటుకి (ఫోన్లు చేసే ఒక్కో మనిషికి) నెలకింత అని మాట్లాడుకుని, ఆ ఖర్చుకి ముందే వేరే నిధి పెట్టుకున్న ట్రస్టే రెండో ఏడాది కూడా ఫోన్లు చేయగలుగుతుంది.

లెక్క వేసి చూద్దాం. ఇక్కడి అంకెలు ఉదాహరణకి అనుకున్నవే. మీ కొటేషన్లు పెట్టి మళ్లీ వేసుకోండి.

ముందు కొత్తవాళ్లకి చేసే కాల్స్. సీటుకి నెలకి 30,000, దానిమీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 35,400. నాలుగు సీట్లకి 1,41,600. జీఎస్టీ నమోదు లేని ట్రస్టుకి ఆ పన్ను తిరిగి రాదు, పూర్తిగా ఖర్చే. కాల్ సెంటర్‌తో రోజూ మాట్లాడుతూ, రికార్డింగులు వింటూ, రసీదులు పంపే మన మనిషి ఒకరు కచ్చితంగా కావాలి. ఆ జీతం 25,000. మెసేజీలు, రసీదులు, పోస్టు, ఆన్‌లైన్ చెల్లింపుల గేట్‌వే కమిషన్ కలిపి ఇంకో 13,400. మొత్తం 1,80,000.

మనిషికి రోజుకి 120 డయల్స్ చొప్పున 22 రోజుల్లో నలుగురూ 10,560 నంబర్లు కొడతారు. నాలుగోవంతు మంది ఫోన్ ఎత్తి మాట్లాడితే 2,640. అందులో నూటికి ఐదుగురు "సరే, ఇస్తాం" అంటే 132. అన్నవాళ్లలో అరవై శాతమే నిజంగా కడితే 79 మంది. సగటున 1,200 చొప్పున 94,800. అంటే రూపాయి తేవడానికి దాదాపు రూపాయి తొంభై పైసలు పెట్టాం.

పాత దాతలైతే కథ వేరు. మూడేళ్లలో ఒక్కసారైనా ఇచ్చి ఆగిపోయినవాళ్లు 3,000 మంది ఉన్నారనుకోండి. వాళ్లలో 500 మందిని పక్కన పెట్టి 2,500 మందికే చేయండి. ఎందుకో కింద చెప్తాం. రెండు సీట్లు చాలు, ఒక్కో నంబరుకి రెండుసార్లు చేయొచ్చు. ఖర్చు 1,04,000. పద్నాలుగు వందల మంది దొరికి, పదిహేను శాతం ఒప్పుకుని, ఒప్పుకున్నవాళ్లలో ముప్పావు వంతు కడితే 157 మంది. సగటు 1,500 అయితే 2,35,500. రూపాయికి 44 పైసలు.

ఇప్పుడు నలభై శాతం వాళ్ల మాటకి వద్దాం. ఆ నలభై మీద జీఎస్టీ వేరుగా పడితే అది 47.2 శాతం. కొత్తవాళ్ల జాబితాలో వచ్చిన 94,800లో వాళ్ల వాటా 45,000 లోపే. నలుగురు కాలర్లలో ఇద్దరి జీతాలు కూడా గట్టిగా రావు. అలాంటప్పుడు వాళ్లు ఆ జాబితా ఎందుకు ముట్టుకుంటారు? అందుకే మొదటి మీటింగ్‌లోనే "మీ పాత డోనర్ల ఎక్సెల్ ఇవ్వండి" అంటారు. అక్కడ వాళ్ల వాటా 1,11,156. మనం సీట్లు, మన మనిషి జీతం అన్నీ కలిపి పెట్టే 1,04,000 కంటే ఇదే ఎక్కువ. పైగా మన మనిషి జీతం ఎలాగూ మనదే. పైసా ఖర్చు లేదన్న మాట చివరికి ఇక్కడ తేలుతుంది.

పక్కన పెట్టిన ఆ 500 మంది సంగతి. ఫోన్ చేయకపోయినా కొందరు కార్తీకమాసంలోనో పిల్లల పుట్టినరోజుకో వాళ్లంతట వాళ్లే ఇస్తారు. ఫోన్లు నడిచిన సమయంలోనే ఆ 500 మందిలో పదిమంది అలా ఇచ్చారనుకుందాం. అంటే ఫోన్ చేసిన 2,500 మందిలోనూ ఓ యాభైమంది ఎలాగూ ఇచ్చేవాళ్లే. వాళ్ల 75,000 తీసేస్తే ఫోన్ల వల్ల నిజంగా వచ్చింది 1,60,500. అసలు ఖర్చు రూపాయికి 65 పైసలు. శాతం ఒప్పందంలో ఆ యాభైమంది డబ్బులోనూ వాటా పోతుంది. ఈ పోలిక లేకుండా ఏ ఏజెన్సీ రిపోర్టు చూపించినా నమ్మొద్దు.

మరి కొత్తవాళ్లకి అసలు ఎందుకు చేయాలి అంటే, నెలనెలా ఇచ్చేవాళ్ల కోసం. ఆ 79 మందిలో పాతికమంది నెలకి 500 ఆటోపేకి (ఖాతాలోంచి నెలనెలా దానంతటదే కట్ అయ్యే ఏర్పాటుకి) ఒప్పుకుంటే నెలకి 12,500. నెలకి నాలుగు శాతం మంది జారిపోయినా, మొదటి నెల లోటు 85,200 ఎనిమిదో నెలకి పూడుతుంది. ఆ పైన వచ్చేదే సేవకి. కాబట్టి ఎనిమిది నెలలు లోటు మోయగల డబ్బు చేతిలో లేనివాళ్లు కొత్త జాబితా జోలికి పోకూడదు.

ఆ లోటు ఎక్కణ్నుంచి తేవాలన్నదే అసలు చిక్కు. ఫలానా పని కోసమని రాసివ్వని సాధారణ విరాళాల్లోంచి, ట్రస్టీల తీర్మానం రాసుకుని తీయొచ్చు. బ్యాంకు డిపాజిట్ మీద వడ్డీ వాడొచ్చు. కార్పస్ (శాశ్వత నిధి) అసలు మాత్రం ముట్టొద్దు. అన్నిటికంటే శుభ్రమైన దారి ఇంకోటుంది. ట్రస్టుని దగ్గరనుంచి చూసిన నలుగురైదుగురు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, "ఈ ఏడాది ఫోన్ల ఖర్చు మీరు భరించండి, బయటి దాతల డబ్బంతా పిల్లలకే పోతుంది" అని అడగడం. వ్యాపారం చేసినవాళ్లకి పెట్టుబడి అంటే చప్పున అర్థమవుతుంది, ఇలాంటిదానికి వాళ్లే ముందుకొస్తారు. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ గ్రాంటులో బడ్జెట్ పద్దు లేకుండా ఇది పెడితే ఆడిట్‌లో పట్టుకుంటారు. విదేశీ నిధుల్లో పరిపాలనా ఖర్చుకి, విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ నుంచి 20 శాతమే పరిమితి, అటు చూడనే వద్దు. "పిల్లల ఫీజులకి" అని అడిగి తెచ్చిన డబ్బుతో కాల్ సెంటర్ బిల్లు కట్టడం చట్టం సంగతి అటుంచితే, నమ్మకద్రోహం.

అమెరికాలో ఈ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. వృత్తిగా విరాళాలు సేకరించేవాళ్ల వాటాకి రాష్ట్రాలు శాతం పరిమితులు పెడితే చెల్లదని 1988లో నార్త్ కరోలినా కేసులో కోర్టు చెప్పింది. అదే కోర్టు 2003లో ఇల్లినాయ్ కేసులో, వాటా ఎంతైనా కావచ్చు గానీ డబ్బు ఎక్కడికి పోతుందో దాతకి అబద్ధం చెబితే మోసం కేసు పెట్టొచ్చంది. అక్కడి టెలిమార్కెటింగ్ సంస్థ డాలరుకి 85 సెంట్లు తనే ఉంచుకుంది! మన దగ్గర ఆ తీర్పులు చెల్లవు గానీ, దాత అడిగే ప్రశ్న ఏ ఊళ్లోనైనా అదే.

గాజువాకలో ఫోన్ ఎత్తిన ఓ పెద్దావిడ నేరుగానే అడుగుతుంది: "ఏటమ్మా, ఇందులో నీకెంత పోద్ది?" దీనికి జవాబు స్క్రిప్టులో ముందే రాసి ఉండాలి. "నాకు కమిషన్ లేదండి, జీతమే. నేను కాల్ సెంటర్ నుంచి ట్రస్టు తరఫున మాట్లాడుతున్నాను. ఫోన్ల ఖర్చుకి ట్రస్టు వేరే నిధి పెట్టుకుంది. పోయినేడాది జమాఖర్చు మీకు వాట్సాప్‌లో పంపిస్తాను, చూసుకుని ఇష్టమైతేనే ఇవ్వండి." ఇలా చెప్పాలంటే ముందు అది నిజం అయ్యుండాలి. కమిషన్ మీద బతికే కాలర్ ఈ మాట అనలేడు. "పాపకి రేపే ఆపరేషన్" అనే అంటాడు. అలా అన్నట్టు ఒక్క రికార్డింగ్‌లో వినపడినా ఆ రోజే ఫోన్లు ఆపించండి.

స్క్రిప్టులో ఇంకో రెండు సంగతులు ఉండి తీరాలి. డిజిటల్ అరెస్టుల భయంతో జనం కొత్త నంబరు అంటేనే బెదురుతున్నారు. "మేం ఓటీపీ అడగం, కార్డు నంబరు అడగం" అని మొదటి నిమిషంలోనే చెప్పాలి. పాన్ నంబరు ఫోన్లో అడగొద్దు, డబ్బు కట్టాక వచ్చే ఫారంలో నింపించుకోండి. రెండోది పన్ను మినహాయింపు. కాలర్లు నోరు తెరిస్తే "80జీ ఉంది సార్" అంటారు. కొత్త పన్ను విధానంలో ఉన్న ఉద్యోగికి ఆ మినహాయింపు రాదు, 2023-24 నుంచి అడక్కపోతే వర్తించేది ఆ విధానమే. పాత విధానంలో ఉన్నవాళ్లకైనా మామూలు ట్రస్టుకి ఇస్తే సగానికే, అదీ పరిమితికి లోబడి. 2,000 దాటిన నగదుకి అసలు లేదు. "మీరు పాత విధానంలో ఉంటే" అన్న ముక్క లేకుండా 80జీ ఊసెత్తితే, రిటర్న్ వేసే రోజుల్లో దాత ఫోన్ చేసి తిడతాడు, మళ్లీ ఇవ్వడు. దాతల వివరాలతో ఆదాయపు పన్ను శాఖకి 10బీడీ ఫారం మే 31లోగా దాఖలు చేయడం, దాతకి 10బీఈ సర్టిఫికెట్ ఇవ్వడం 2021-22 నుంచి ఉన్న పనే. ఆలస్యానికి రోజుకి 200 రుసుము. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలు కాబట్టి, సెక్షన్, ఫారం నంబర్లు ఏం రాయాలో ఆడిటర్‌ని అడిగే రసీదు పుస్తకాలు అచ్చువేయించండి.

ఈ ఊళ్లో తరచూ ఎదురయ్యే ఇంకో మెలిక. ఎంవీపీ కాలనీలోనో సీతమ్మధారలోనో ఫోన్ ఎత్తిన తల్లిదండ్రులు "మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, వాడు పంపుతాడు" అంటారు. కాలర్ ఎగిరి గంతేసి లింకు పంపేస్తాడు. అబ్బాయికి ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి, తన సొంత డబ్బు మామూలు బ్యాంకు దారిలో పంపితే ఇబ్బంది లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) అనుమతి, దానికోసం ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ఖాతా లేకుండా తీసుకోకూడదు. ఆ ఒక్క ప్రశ్న అడగడం కాలర్లకి నేర్పాలి.

వేళల విషయానికొస్తే, ఉక్కునగరం, గాజువాక జాబితాలో షిఫ్టు కాలమ్ పెట్టుకోండి. నైట్ షిఫ్టు చేసి పడుకున్న మనిషిని పదిన్నరకి లేపి విరాళం అడిగితే ఏం వినాలో వింటారు. భోజనం చేసి నడుం వాల్చే వేళ రిటైరైనవాళ్ల జోలికి పోవద్దు. సాయంత్రం ఐదు నుంచి ఏడున్నర బాగుంటుంది.

అన్నిటికంటే ఫలించే కాల్ తేదీ పట్టుకుని చేసేది. "అమ్మగారి పేరుమీద ఆ రోజు అన్నదానం పెట్టించారు, ఈ ఏడాది కూడా రాసుకోమంటారా?" అని వారం ముందు అడిగితే కాదనేవాళ్లు తక్కువ. ఇక్కడే సాఫ్ట్‌వేర్ బోల్తా కొడుతుంది. పుట్టినరోజు తారీఖు, తద్దినం తిథి. పోయినేడాది ఫిబ్రవరి 8న ఇచ్చారు కదా అని ఈ ఏడాది ఫిబ్రవరి 1న ఫోన్ చేస్తే, తద్దినం అప్పటికే అయిపోయి ఉండొచ్చు. "మాఘ శుద్ధ ఏకాదశి" అని మాసం, పక్షం, తిథి విడివిడిగా రాసుకోవాలి. ఉగాదికి కొత్త పంచాంగం రాగానే ఒకరు కూర్చుని ఆ ఏడాది తేదీలన్నీ ఎక్కించాలి. వెయ్యిమంది దాతలకి రెండు రోజుల పని, కానీ కొన్న జాబితాలు పది దీనికి సాటిరావు.

నంబర్ల గురించి క్లుప్తంగా. ప్రచార కాల్స్‌కి 140తో మొదలయ్యే నంబర్లే వాడాలి, డీఎన్‌డీ (ప్రచార కాల్స్ వద్దన్నవాళ్ల) జాబితా చూసుకోవాలి. మామూలు సిమ్‌లతో వందల కాల్స్ చేసే నమోదుకాని టెలిమార్కెటర్ల కనెక్షన్లు తీసేసి రెండేళ్ల దాకా బ్లాక్‌లిస్టులో పెట్టమని 2024 ఆగస్టులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ ఆదేశించింది. ఏజెన్సీ "మా దగ్గర సిమ్‌లున్నాయి" అంటే అక్కడితో మాటలు ఆపేయండి. 140 చూసి జనం ఎత్తరన్నది నిజమే, ఆ నష్టం లెక్కలో వేసుకోవాల్సిందే. డబ్బు అడగని ధన్యవాదాల ఫోన్ మాత్రం ట్రస్టు ఆఫీసు 0891 ల్యాండ్‌లైన్ నుంచి మనవాళ్లే చేస్తే బాగుంటుంది.

"ఇస్తాను" అన్న మనిషి ఇవ్వకపోవడం చాలాసార్లు మన ఆలస్యం వల్లే. ఫోన్ పెట్టకముందే లింకు వెళ్లాలి, తెరుచుకుందో లేదో అడగాలి. మూడో రోజు ఒక మెసేజ్, వారం తర్వాత ఒక ఫోన్, ఆపైన వదిలేయండి. "ఎవరినైనా పంపండి, క్యాష్ ఇస్తాం" అంటే, భీమిలి దాకా బండి పంపి 500 తెచ్చుకుంటే పెట్రోలుకి, మనిషికి ఎంత పోయిందో చూసుకోండి. ఆటోపేలో డబ్బు కట్ అయ్యే ముందురోజు బ్యాంకు నుంచి మెసేజ్ వస్తుంది, అది చూసి కంగారుపడి రద్దు చేసేవాళ్లుంటారు. దానికి ఒకరోజు ముందే ట్రస్టు పేరుతో "ఎల్లుండి మీ 500 పిల్లల పాలకి చేరుతుంది" అని పంపితే కొన్ని రద్దులైనా ఆగుతాయి. జీతం పడిన రెండు మూడు రోజుల్లో తేదీ పెట్టండి. ఈఎంఐలన్నీ పోయాక ఖాతాలో ఏం మిగలదు.

ఒప్పందంలో డబ్బు నేరుగా ట్రస్టు ఖాతాకే రావాలని, క్యూఆర్ కోడ్ ట్రస్టు పేరునే ఉండాలని, దాతల వివరాలు ట్రస్టువేనని, ఒప్పందం ముగిశాక కాపీ ఉంచుకోకూడదని రాయించండి. బిల్లు కట్టేటప్పుడు టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయడం మర్చిపోవద్దు. కాల్ సెంటర్ వ్యాపారమే చేసే సంస్థకి అది 2 శాతం. ఆటోపే, ఈ-నాచ్ (బ్యాంకు ఖాతా నుంచి నేరుగా కట్ అయ్యే ఏర్పాటు) అనుమతులు ఎవరి గేట్‌వే ఖాతాలో నమోదవుతున్నాయో సంతకానికి ముందే కాగితం మీద చూడండి. ఏజెన్సీ ఖాతాలో ఉంటే, వాళ్లతో చెడిన నెలలోనే నెలనెలా ఇచ్చే దాతలందరూ ఒక్కసారిగా ఆగిపోతారు, ప్రతి ఒక్కరికీ మళ్లీ ఫోన్ చేసి మొదట్నుంచి ఒప్పించుకోవాలి.